పక్కింటోనితోని ఆట బందైతె: అమెరికా కాన్ఫరెన్సులు, మన సౌత్ జోన్

2016 అక్టోబర్ 11 నాడు మన రంగారెడ్డి జిల్లా మూడు ముక్కలైంది. వికారాబాద్ ఒక దిక్కు, మేడ్చల్-మల్కాజిగిరి ఒక దిక్కు, మిగిలింది రంగారెడ్డి. నిన్నటిదాంక ఒకే జిల్లా అని చెప్పుకున్న తాండూరు పిలగాడు, ఇబ్రహీంపట్నం పిలగాడు కాగితం మీద వేరు వేరు జిల్లాలోళ్లయిండ్రు. ఉప్పల్ స్టేడియం గూడ మన జిల్లాలకెల్లి పోయింది. దాని బదులు కొంగరకలాన్‌ల కలెక్టరేట్ వచ్చింది, అది వేరే ముచ్చట.

నేను ఎప్పుడూ భూముల మీద, చెర్వుల మీద, పెన్షన్ల మీద రాసేటోన్ని. ఇయ్యాల ఆటల మీద రాస్తున్న. ఎందుకంటె ఇది గూడ హద్దుల పంచాయితీనే. ఆటల హద్దులు గీసేటోడు ఒకడు, ఆ హద్దు పడ్డంక చిన్నప్పటి సంది చూసిన ఆట పోగొట్టుకునేటోడు ఇంకొకడు. అమెరికాల దీనికి ఒక పేరు పెట్టుకున్నరు, కాన్ఫరెన్స్ రీఅలైన్‌మెంట్ అని. మన దగ్గర పేరు పెట్టలే, పని మాత్రం ఎప్పుడో అయిపోయింది.

ముందుగాల అమెరికా సంగతి. సాగర్ రోడ్డు మీది ఇంజినీరింగ్ కాలేజీలల్ల చదివి ఎంఎస్‌కు పోయిన పోరగాండ్లు మన మండలంల ఇంటికొకడు దొరుకుతడు. మా దోస్తు కొడుకు అరిజోనా స్టేట్ యూనివర్సిటీల ఉన్నడు. పోయిన ఏడాది ఫోన్‌ల "కాకా, ఈడ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటె మనకు ఐపీఎల్ లెక్క" అన్నడు. నిజమే. మన దగ్గర కాలేజీకి కాలేజీ ఆడితె చూసేటందుకు ఆ కాలేజీ పీఈటీ సారు, నలుగురు దోస్తులు తప్ప ఎవలూ ఉండరు. ఇంటర్-యూనివర్సిటీ పోటీలల్ల గూడ కాలేజీ పేరు ఉండది. పదుల కాలేజీలకెల్లి ఏరి యూనివర్సిటీ పేరు మీద ఒక్క టీమ్ పంపుతరు. అమెరికాల ప్రతి యూనివర్సిటీకి సొంత టీమ్, సొంత రంగు, సొంత స్టేడియం. పెద్ద స్థాయిల ఆడే మగపిల్లల బాస్కెట్‌బాల్ టీమ్‌లే మూడొందల యాభైకి పైన ఉంటయి. ఇన్ని టీమ్‌లు ఒకదానితోని ఒకటి ఆడుడు అయ్యేది గాదు గనుక, దగ్గర దగ్గర ఉన్నోళ్లు గుంపులు కట్టుకున్నరు. ఆ గుంపు పేరే కాన్ఫరెన్స్. చలికాలమంతా ఎక్కువ మ్యాచులు ఆ గుంపులనే ఆడాలె. ఆఖరుకు మార్చి నెలల 68 టీమ్‌ల జాతీయ టోర్నమెంట్ ఉంటది, దాన్ని మార్చ్ మ్యాడ్‌నెస్ అంటరు. కాన్ఫరెన్స్ టోర్నీ గెలిచినోళ్లకు అండ్లకు సీదా ఎంట్రీ.

అంటె కాన్ఫరెన్స్ అనేది మొదట ఇరుగుపొరుగు. పశ్చిమ తీరం యూనివర్సిటీల గుంపు ఒకటి 1915 సంది ఉండె. దాని పేరు పాక్-12. 2022 జూన్ ఆఖరున లాస్ ఏంజెలెస్‌ల ఉన్న యూసీఎల్ఏ, యూఎస్‌సీ రెండూ మేము బిగ్ టెన్‌కు పోతున్నం అని చెప్పినయ్. బిగ్ టెన్ అంటె నడిమి అమెరికా గుంపు. 2023 ఎండాకాలంల కొలరాడో పాయె, ఆగస్టు 4 నాడు ఒక్క దినంలనే ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు పాయె. సెప్టెంబర్ ఒకటిన స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా బర్క్‌లీ గూడ పోతున్నమన్నయ్. పన్నెండింటిల పది పోంగ మిగిలింది రెండు, ఆరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. నూరేండ్ల ఇల్లు, ఇద్దరు మిగిలిండ్రు.

పేర్లు చూస్తె నవ్వొస్తది. బిగ్ టెన్‌ల ఇప్పుడు 18 టీమ్‌లు. బిగ్ 12ల 16. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ల పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫర్డ్ ఉన్నది. మన దగ్గర నల్లగొండ చౌరస్తా హైదరాబాద్‌ల ఉన్నట్టే అనుకోండ్రి.

ఎందుకు పోయిండ్రు? టీవీ పైసలు. బిగ్ టెన్ 2022 ఆగస్టుల ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ తోని ఏడేండ్లకు ఏడు బిలియన్ డాలర్లకు పైన ఒప్పందం రాసుకున్నది. అసలు ముచ్చటేందంటె ఆ పైసలు బాస్కెట్‌బాల్ చూసి ఇచ్చినయి గావు. వాళ్ల ఫుట్‌బాల్, అంటె చేతుల పట్టుకొని ఉరికే ఆట, దాన్ని చూసి ఇచ్చినయి. ఫుట్‌బాల్ వారానికి ఒక్కటే ఆట. ఎంత దూరమైనా ఒక్కపారి పోయి వస్తరు. బాస్కెట్‌బాల్ వారానికి రెండు. లాస్ ఏంజెలెస్ పిలగాడు న్యూజెర్సీ దాంక, అంటె సుమారు నాలుగు వేల కిలోమీటర్లు, విమానంల పోయి ఆడి వచ్చి మళ్ల క్లాసుల కూసోవాలె. దున్నలు దున్నలు కొట్లాడుకుంటె లేగల కాళ్లు ఇరిగినట్టు, ఫుట్‌బాల్ బేరంల బాస్కెట్‌బాల్ గుంపులు చెల్లాచెదురైనయి.

చూసేటోనికి పోయింది ఏంది? అరిజోనాకు, యూసీఎల్ఏకు నడుమ ప్రతి ఏడు జరిగే పోటీ కాన్ఫరెన్స్ లెక్కల నుంచి పోయింది. అంతకన్నా పాత ఉదాహరణ కేన్సస్, మిజోరీ. పక్క పక్క రాష్ట్రాలు. అమెరికా అంతర్యుద్ధం కాలం సంది పగ. ఈ రెండు యూనివర్సిటీలు 1907 సంది బాస్కెట్‌బాల్ ఆడుకున్నయి. 2012ల మిజోరీ కాన్ఫరెన్స్ మారింది. అంతే, సీజన్ ఆట మళ్ల జరిగేసరికి 2021 డిసెంబర్ వచ్చింది. తొమ్మిదేండ్లు. ఒక పిలగాడు ఆరో తరగతిల ఉన్నప్పుడు ఆగిన ఆట, వాడు డిగ్రీకి వచ్చినంక మొదలైంది.

ఇగ మన ఇంటి సంగతికొస్తా.

రంజీ ట్రోఫీ 1934-35ల మొదలైంది. మొదటి సంది జోన్ల వారీగ ఆడేది. 1957-58 నుంచి జోన్ లోపల లీగ్ పద్ధతి వచ్చింది. మన సౌత్ జోన్‌ల హైదరాబాద్, ఆంధ్ర, మద్రాస్, మైసూర్, కేరళ. తర్వాత మద్రాస్ తమిళనాడైంది, మైసూర్ కర్ణాటకైంది, గోవా వచ్చి చేరింది. ప్రతి చలికాలం ఈ టీమ్‌లు ఒకదానితోని ఒకటి ఆడాలె, తప్పది. ఇది కాన్ఫరెన్స్ గాకపోతె ఇంకేంది?

ఈడ ఒక వింత చెప్పాలె. 1956 నవంబర్ ఒకటిన తెలంగాణను ఆంధ్రతోని కలిపి ఆంధ్రప్రదేశ్ చేసిండ్రు. ఉద్యోగాలు కలిసినయి, నీళ్లు కలిసినయి, కలెక్టర్లు కలిసిండ్రు. క్రికెట్ మాత్రం కలవలే. ఆంధ్ర 1953-54 నుంచి వేరే టీమ్‌గ ఆడుతున్నది, హైదరాబాద్ వేరే టీమ్‌గనే ఉన్నది. 58 ఏండ్లు ఒకే రాష్ట్రంల ఉండి గూడ రంజీల ఎదురెదురు ఆడినం. 2014ల రాష్ట్రం విడిపోయినప్పుడు మిగతా ఆటల సంఘాలు ఆస్తులు పంచుకొని రెండైనయి, క్రికెట్‌ల పంచుకోనీకి ఏం లేకుండె. తెలంగాణ వేరని సర్కారు ఒప్పుకోకముందు ఒప్పుకున్నది రంజీ స్కోర్ కార్డే అని నేను అప్పట్ల మీటింగులల్ల అంటుంటి. జనం నవ్వేటోళ్లు.

ఆ సౌత్ జోన్ కాలంల హైదరాబాద్ ఏం చేసిందో ఇప్పటి పోరగాండ్లకు ఎరుక లేదు. రంజీ రెండు పార్లు గెలిచినం. ఒకటి 1937-38ల, ఫైనల్ల నవానగర్ మీద ఒక్క వికెట్‌తోని. రెండోది 1986-87ల, ఎం.వి. నరసింహారావు కెప్టెన్, ఢిల్లీల ఢిల్లీ మీదనే. అదే సీజన్ల అబ్దుల్ అజీమ్ తమిళనాడు మీద 303 కొట్టి నాటౌట్‌గ ఉన్నడు. 1994 జనవరిల సికింద్రాబాద్‌ల ఆంధ్ర మీద ఎం.వి. శ్రీధర్ 366 కొట్టిండు. వివేక్ జైసింహ, నోయెల్ డేవిడ్ చెరి డబుల్ సెంచరీ కొట్టిండ్రు. హైదరాబాద్ స్కోరు 6 వికెట్లకు 944. రంజీ చరిత్రల ఒక టీమ్ కొట్టిన అన్నిటికన్నా పెద్ద స్కోరు అది. 2000 సంవత్సరంల లక్ష్మణ్ బెంగళూరుకు పోయి కర్ణాటక మీద 353 కొట్టిండు. అది జోన్ మ్యాచ్ గాదు, సెమీఫైనల్. ఆ సీజన్ల ఆయన 1415 పరుగులు తీసిండు, మనం ఫైనల్ దాంక పోయి ముంబై మీద ఓడినం.

మూడు ట్రిపుల్ సెంచరీలు. ఒకటి తమిళనాడు మీద, ఒకటి ఆంధ్ర మీద, ఒకటి కర్ణాటక మీద. ముగ్గురూ పక్కింటోళ్లే. శ్రీధర్ 366 కొట్టినప్పుడు నేను హైస్కూల్ల ఉన్న. బస్టాండ్ కాడి హోటల్ల పేపరు ఒక్కటే వస్తుండె, ఆటల పేజీ చింపి ఎవడో జేబుల పెట్టుకున్నడు. ఆ పేజీ కోసం ఇద్దరు కొట్లాడుకున్నరు. ఐపీఎల్ లేదు, టీవీల రంజీ లేదు. అయినా కొట్లాట ఎందుకంటె ఎదురుగ ఉన్నది ఆంధ్ర.

2002-03ల బోర్డు జోన్ల పద్ధతి తీసేసింది. ఎలైట్, ప్లేట్ అని రెండు అంతస్తులు కట్టింది. బాగ ఆడినోడు పైన, ఆడనోడు కింద. గ్రూపులు పోయినేటి ర్యాంకులను బట్టి పడతయి, ఊరు యాడున్నదని చూడరు. ఆ మొదటి ఏడు అదృష్టం కొద్ది ఆంధ్ర, హైదరాబాద్ ఒకే గ్రూపుల పడ్డయి. అంబటి రాయుడు, అప్పటికి 17 ఏండ్ల పిలగాడు, గుంటూరుల పుట్టి హైదరాబాద్‌కు ఆడుతున్నోడు, ఆంధ్ర మీద ఒకే మ్యాచుల 210, 159 నాటౌట్ కొట్టిండు. తర్వాత అంతా లాటరీనే. వన్డేలల్ల కొన్నేండ్లు జోన్ల పద్ధతి నడిచింది గానీ, అది గూడ పోయింది. 2018-19ల ఈశాన్య రాష్ట్రాలు, బీహార్, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి కలిసి ఒక్కపారి తొమ్మిది కొత్త టీమ్‌లు వచ్చినయి, మర్సటేడు చండీగఢ్ తోని లెక్క 38కి ఎక్కింది. ఇప్పుడు ఎనిమిదేసి టీమ్‌ల నాలుగు ఎలైట్ గ్రూపులు, ఆరు టీమ్‌ల ప్లేట్.

2025-26 గ్రూపులు చూడుండ్రి. హైదరాబాద్ డీ గ్రూపుల, ముంబై, ఢిల్లీ, జమ్మూకశ్మీర్, హిమాచల్ తోని. ఆంధ్ర, తమిళనాడు ఏ గ్రూపుల. కర్ణాటక, కేరళ, గోవా బీ గ్రూపుల. పాత సౌత్ జోన్ల మనకు మిగిలినోడు ఒక్కడూ లేడు. పుదుచ్చేరి ఒక్కటి దక్షిణాది టీమ్ ఉన్నది, దానితోని మనకు పాత పగ ఏముంటది?

ఇగ ఎదుటోడు చెప్పేది గూడ వినాలె. జోన్ల పద్ధతి న్యాయమైందేం గాదు. తమిళనాడు, కర్ణాటక, హైదరాబాద్ మూడూ గట్టి టీమ్‌లు ఉన్న జోన్ల ఆంధ్ర, కేరళ నలిగిపోయినయి. ఏటా ఆ ముగ్గురి చేతుల దెబ్బలు తినుడు, ఇంటికి పోవుడు. ఎలైట్, ప్లేట్ వచ్చినంక వాళ్లకు మెట్లు దొరికినయి. కేరళ 2024-25ల మొదటిపారి రంజీ ఫైనల్ ఆడింది. 2022-23ల ఆంధ్ర క్వార్టర్ ఫైనల్ దాంక పోయింది, హనుమ విహారి చెయ్యి ఇరిగినా ఎడమ చేతి వాటంతోని బ్యాటింగ్ చేసింది ఆ మ్యాచుల్నే. మనం? అదే ఏడు, అదే గ్రూపుల ఆఖరున నిలబడి ప్లేట్‌కు పడ్డం. 2010ల జైపూర్‌ల రాజస్థాన్ మీద 21 పరుగులకు ఆలౌటైంది గూడ మనమే, దీపక్ చాహర్ మొదటి మ్యాచ్, పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు. రంజీల అన్నిటికన్నా పెద్ద స్కోరు మనదే, అన్నిటికన్నా చిన్న స్కోరూ మనదే. దీనికి బోర్డును తిట్టి లాభం లేదు. హద్దులు మార్చినందుకు హైదరాబాద్ పడిపోలే, హైదరాబాద్ తన లోపలి పుండుతోని పడిపోయింది.

2024 జనవరిల తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 366 కొట్టిండు. 147 బంతులల్ల ట్రిపుల్ సెంచరీ, ఫస్ట్ క్లాస్ క్రికెట్‌ల అందరికన్నా వేగంగ. 26 సిక్సర్లు. పరుగు పరుగు లెక్కేస్తె శ్రీధర్ కొట్టినన్నే. గానీ ఇబ్రహీంపట్నంల దాని గురించి ఒక్కడు మాట్లాడంగ నేను వినలే. ఆ పిలగాని తప్పు గాదు, అరుణాచల్ పిలగాండ్ల తప్పూ గాదు, వాళ్లు ఆడాలె, ఎదగాలె. తెలంగాణ టీవీలల్ల ఆ దినం రికార్డు వార్త వచ్చి పోయింది. పేజీ చింపుకునేటంత ఆరాటం ఎవనికీ లేకుండె. ఆ సీజన్ తిలక్ వర్మ కెప్టెన్సీల ఫైనల్ల మేఘాలయను ఓడగొట్టి ప్లేట్ గెలిచి మళ్ల పైకి వచ్చినం, అది మాత్రం మంచిగైంది.

ఇండ్ల పల్లె పిలగానికి ఏం పని అని అడుగుతరు. చానా ఉన్నది. ఈ టీమ్ పేరు "హైదరాబాద్", గానీ అది ఆడేది 33 జిల్లాల తెలంగాణ తరఫున. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ల ఓట్లు రెండొందలకు పైన ఉన్న క్లబ్బుల చేతుల ఉన్నయి, అవి దాదాపు అన్నీ సిటీవే. జిల్లాలకు ఉన్న ఓట్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క కుటుంబం చేతుల ఎన్నెన్ని క్లబ్బులున్నయో 2023ల బయటపడ్డది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఏక సభ్య కమిటీ, ఒక్కరి చేతుల పలు క్లబ్బులున్నయన్న కారణంతోని 57 క్లబ్బులను ఎన్నికల నుంచి పక్కన పెట్టింది. కొంచెం ఆలోచన చెయ్యుండ్రి. యాభై ఏడు. ఆ జాగల జిల్లా టీమ్‌లు ఉంటె ఎట్లుండేదో.

నాకు తెలిసిన ఒక పిలగాడు ఈ మండలంలనే ఉన్నడు, ఫాస్ట్ బౌలరు. లీగ్ ఆడాలంటె సిటీ క్లబ్బుల పేరు రాయించుకోవాలె. పొద్దుగాల నాలుగింటికి లేచి బస్సు ఎక్కి పోయేటోడు. రెండేండ్లు పోయి మానిండు, ఇప్పుడు క్యాబ్ నడుపుతున్నడు. భద్రాచలం బిడ్డ గొంగడి త్రిష 2025ల అండర్-19 ప్రపంచ కప్పుల ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయింది. ఆ బిడ్డ ఆట కోసం కుటుంబం కుటుంబమే హైదరాబాద్‌కు మకాం మార్చింది. అందరి తల్లిదండ్రులు మార్చగలుగుతరా?

బయట హద్దులు గీసే మీటింగుకు పోయి మన తరఫున మాట్లాడాల్సింది గూడ ఈ అసోసియేషనే. బోర్డుల ఓటు దానికే ఉన్నది. ఊర్లల్ల చూసేటోనికి, ఆడేటోనికి లోపల ఓటు లేనప్పుడు, ఆంధ్రతోని మ్యాచ్ పోయిందని వాళ్లకు బాధ ఎందుకుంటది? వాళ్లకు ఐపీఎల్ టికెట్ల తిప్పలే సరిపోతది.

ఫుట్‌బాల్ల అయితె ఇంకా మొరటుగ అయింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019ల పుణె క్లబ్బు జాగల వచ్చింది. 2022 మార్చిల కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలల్ల కొట్టి ఐఎస్ఎల్ కప్పు తెచ్చింది. 2025ల పేరు మార్చుకొని ఢిల్లీకి పోయింది. పసుపు చొక్కాలు కొనుక్కున్న పిలగాండ్లను ఎవలన్నా అడిగిండ్రా?

మరి ఏం చెయ్యాలె? జోన్లు మొత్తం తిరిగి తెమ్మని నేను అనను, కేరళకు, ఆంధ్రకు దొరికిన మెట్లు ఇరగ్గొట్టుడు న్యాయం గాదు. దులీప్ ట్రోఫీల బోర్డు ఆడిన తమాషా చూసినం గద. 1961-62 సంది జోన్లు, 2016ల తీసేసి ఇండియా బ్లూ, రెడ్, గ్రీన్ అన్నరు, 2022ల మళ్ల జోన్లు, 2024ల ఏ, బీ, సీ, డీ అన్నరు, 2025ల మళ్ల జోన్లు. ఆ ఆఖరుదాంట్ల సౌత్ జోన్ ఫైనల్ దాంక పోయి సెంట్రల్ మీద ఓడింది. రంగు పేర్లున్న టీమ్‌కు ఊరు లేదని బోర్డుకు గూడ ఎరుకైనట్టే ఉన్నది.

నేను అడిగేది చిన్నది. గ్రూపులు ర్యాంకుల ప్రకారమే వెయ్యుండ్రి. గానీ ప్రతి టీమ్‌కు పక్క రాష్ట్రంతోని ఒక మ్యాచ్ ఏటా ఖాయం చెయ్యుండ్రి, గ్రూపు ఏదైనా సరే. అమెరికాల యూకాన్ అనే యూనివర్సిటీ ఉన్నది. 2013ల దాని పాత కాన్ఫరెన్స్ బిగ్ ఈస్ట్ చీలినప్పుడు అది ఇంకో గుంపుల పడ్డది. ఏడేండ్లు ఆగి, ఫుట్‌బాల్ పైసలు పక్కకు పెట్టి, 2020ల ఇరుగుపొరుగు ఉన్న బిగ్ ఈస్ట్‌కు వాపస్ వచ్చింది. 2023, 2024 రెండేండ్లు వరుసగ జాతీయ చాంపియన్ అయింది. వాపస్ వచ్చినందుకే గెలిచింది అని చెప్పను, కోచ్ డాన్ హర్లీ చేసిన పని చానా ఉన్నది. వాపస్ వచ్చుడు సాధ్యమే అని మాత్రం చెప్తున్న.

ఇంకోటి లోపలి పని. అసోసియేషన్ల జిల్లాలకు ఓట్లు పెరగాలె, కొత్త జిల్లాలకు ఒక్కొక్కటి రావాలె. రంగారెడ్డి జిల్లా టీమ్ అంటె సిటీ అంచు కాలనీలోళ్లే గాకుండ యాచారం, మంచాల పిలగాడు గూడ ట్రయల్స్‌కు పోయేటట్టు ఈడ గ్రౌండ్ ఉండాలె. ఇంజినీరింగ్ కాలేజీలకు ఉన్న జాగల సగం ఖాళీగనే పడి ఉంటది, ఆదివారం గేటు తెరిస్తె పోయేదేమీ లేదు.

2024 నవంబర్ల గ్రూపుల లాటరీ తగిలి ఉప్పల్‌ల హైదరాబాద్, ఆంధ్ర ఆడినయి. గుంటూరు పిలగాడు షేక్ రషీద్ మన మీద 203 కొట్టిండు. నేను ఒక దినం పోయిన. ఎండ మీద పడుతుంటె స్టాండ్‌ల కూసున్న యాభై అరవై మందిల ఒకడు తెలంగాణ తిట్టు తిడుతుండు, ఇంకొకడు గోదావరి యాసల జవాబిస్తుండు, ఇద్దరు ఒకే పల్లీల పొట్లంలకెల్లి తింటున్నరు. మర్సటేడు షెడ్యూల్ల ఆ మ్యాచ్ లేదు.